24 లక్షల జీతం, ఒక గోడ క్యాలెండర్

2025 నవంబరులో ఒక ఆదివారం పొద్దున మారతహళ్లిలోని మా ఆఫీసుకు ఒక జంట వచ్చారు. ఆయనకు 37, ఆమెకు 33. సొంతూరు అనంతపురం. ఆయన ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్, అంటే ప్రోగ్రాముల్లో బగ్‌లు (తప్పులు) వెతికే జట్టుకు పెద్ద. పాప మూడో తరగతి. ఆయన కూర్చోగానే ల్యాప్‌టాప్ తెరిచి ఒక ఎక్సెల్ షీటు నా వైపు తిప్పారు.

"సార్, దీని ప్రకారం నెలకు 1,776 రూపాయలు మిగలాలి. కార్డుల మీద చూస్తే 1,86,000 అప్పుంది. బగ్ ఎక్కడుందో నాకు దొరకడం లేదు."

నేను పాలసీలు అమ్మను. ఫీజు తీసుకుని కుటుంబాల లెక్కలు చూస్తాను. బెంగళూరులో ఈ పని మొదలుపెట్టాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మన తెలుగువాళ్లే, అందులోనూ సీమ వాళ్లు ఎక్కువ. ఈ కేసు రాయడానికి వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు, ఒకటిరెండు గుర్తులు తీసేశాను. అంకెలు మాత్రం వాళ్లవే.

ముందు జీతం సంగతి. ఆయన సీటీసీ (కంపెనీ ఆయన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 24 లక్షలు. అంటే నెలకు 2 లక్షలని అనంతపురంలో చుట్టాలందరి లెక్క. చేతికొచ్చేది 1,38,126. మిగతాది ఎటు పోయిందో ఆఫర్ లెటర్ ముందు పెట్టుకుని ఆయనకే చూపించాను. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆ కాగితాన్ని అడుగు దాకా చదవడం అదే మొదటిసారి అన్నారు. 3 లక్షలు వేరియబుల్, అది ఏడాదికి ఒకసారి, అదీ కంపెనీ దయ. కంపెనీ కట్టే పీఎఫ్ ఏడాదికి 1,00,800. గ్రాట్యుటీ కింద 40,404. గ్రూప్ ఇన్సూరెన్స్ 18,000. ఇవి పోగా నెలకు 1,61,733. అందులోంచి ఆయన వాటా పీఎఫ్ 8,400, కర్ణాటక వృత్తి పన్ను 200, ఆదాయపు పన్ను 15,007 కోస్తారు.

పన్ను దగ్గర ఆయన ఆగిపోయారు. పాత విధానమా, కొత్త విధానమా అని రెండు వారాంతాలు యూట్యూబ్ చూశారట. పాత దాంట్లో అద్దె, ఇంటి లోన్ వడ్డీ, 80సీ కింద వచ్చే పొదుపులు, అమ్మానాన్నల హెల్త్ పాలసీ అన్నీ వేసి చూశాను. పాత దాంట్లో ఏడాది పన్ను 1,79,000 చిల్లర, కొత్త దాంట్లో 1,80,000 చిల్లర. తేడా వెయ్యి కూడా లేదు. చెన్నైలో ఉండి ఉంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు పరిమితి బేసిక్‌లో (మూల వేతనంలో) 50 శాతం, బెంగళూరుకు అప్పట్లో 40 శాతమే అని ఆయన బాధపడ్డారు. వీళ్ల అద్దెకు ఆ 40 శాతం దాకా కూడా రాదు, అది కూడా వృథా బాధే. ఆ చర్చ అక్కడితో మూసేశాం.

ఇక షీటు. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 35,500. ఇంటి లోన్ 25,600. పర్సనల్ లోన్ 10,250. చీటీ సగటున 9,000. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాస్ 17,000. కరెంటు, నీళ్లు, ఫోన్లు 4,500. పనమ్మాయికి 3,000. స్కూల్ వ్యాన్ 3,500. ఆయన పెట్రోలు, అడపాదడపా క్యాబ్ 5,000. ఊళ్లో అమ్మానాన్నలకు 10,000. బయట తిండి, యాప్‌లు 7,000. చిల్లరమల్లర 6,000. కూడి చూశాను. తప్పు లేదు. నిజంగానే 1,776 మిగులుతోంది.

యాప్‌ల ఏడు వేల మీద ఇద్దరికీ అప్పటికే గొడవ ఉన్నట్టుంది, ఆ వరుస చదివేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను ఆ వరుస మీద ఏమీ అనలేదు. నందిని పాలు 2025 ఏప్రిల్‌లో లీటరుకు 4 రూపాయలు పెరిగాయని ఆయన చెప్పారు. రోజుకు రెండు లీటర్లకు నెలకు 240. లక్షా ఎనభై ఆరు వేల అప్పు పాల ప్యాకెట్ దగ్గర పుట్టదు.

ఆఫీసు పిలుపు ఖరీదు

"అనంతపురంలో ఉన్నప్పుడు ఎలా నడిచేది?" అని అడిగాను. అప్పటిదాకా మాట్లాడని ఆమె అప్పుడు అందుకున్నారు.

2020లో అందరిలాగే వీళ్లూ ల్యాప్‌టాప్ తీసుకుని ఊరికి వెళ్లిపోయారు. ఇక ఇంటి నుంచే పని అని కంపెనీ చెప్పినంత ధీమాగా వీళ్లూ నమ్మారు. 2021లో అమ్మానాన్నల ఇంటి మీద మేడ వేశారు. 28 లక్షల లోన్, 20 ఏళ్లకు, అప్పటి వడ్డీ 6.75 శాతం, ఈఎంఐ 21,300. ఆమె బీఎడ్ చేశారు, ఊళ్లోనే ఒక స్కూల్లో లెక్కల టీచరు, జీతం 18,000. పాప ఫీజు ఏడాదికి 45,000. తాతయ్య స్కూటర్ మీద దింపి వచ్చేవాడు.

తర్వాత మెయిళ్లు మొదలయ్యాయి. మొదట వారానికి రెండు రోజులు. ఆయన పీజీలో ఒక మంచం తీసుకుని సోమవారం బస్సులో వచ్చి బుధవారం వెళ్లేవారు. పీజీకి, బస్సులకు కలిపి నెలకు 12,500. తర్వాత మూడు రోజులన్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు, పైగా గేటు దగ్గర బ్యాడ్జ్ ఎన్నిసార్లు స్వైప్ చేశారో చూసి వేరియబుల్‌తో ముడిపెడతామన్నారు. 2024 జూన్‌లో కుటుంబం మొత్తం ఇక్కడికి మారింది.

ఆ మార్పు ఖరీదును కాగితం మీద పెట్టాం. అద్దె, మెయింటెనెన్స్ 35,500. ఆమె వదులుకున్న జీతం 18,000. ఫీజులో తేడా నెలకు 7,500. వ్యాన్ 3,500. ఆరు నెలల అడ్వాన్సుకు, సామాను లారీకి, స్కూల్ అడ్మిషన్‌కు తీసుకున్న 3 లక్షల పర్సనల్ లోన్ ఈఎంఐ 10,250. మొత్తం 74,750. పీజీ, బస్సు ఖర్చు తప్పింది కాబట్టి అది తీసేస్తే 62,250.

నెలకు అరవై రెండు వేల రెండొందల యాభై. ఆ రెండేళ్లలో ఆయనకు వచ్చిన రెండు హైకులు కలిపి చేతికి పెరిగింది నెలకు తొమ్మిది వేలు. ఆయన ఆ అంకెను చాలాసేపు చూశారు. "నేను దీన్ని ఒక ట్రాన్స్‌ఫర్ అనుకున్నాను సార్, ఇది జీతం కోత" అన్నారు. ఆయన షీటులో అద్దె ఉంది కానీ ఆమె పోగొట్టుకున్న 18,000 ఎక్కడా లేదు. రాని డబ్బుకు ఎక్సెల్‌లో వరుస ఎవరు పెడతారు? ఇలాంటి కేసులు నా దగ్గర ఈ రెండేళ్లలో పెరిగాయి, దాదాపు అన్నింట్లోనూ ఆ వరుసే కనబడకుండా పోతుంది. అది ఎక్కువగా ఆడవాళ్ల జీతమే అయి ఉంటుంది.

పాత రోజుల్లో నెలకు కొంత సిప్‌లలో (మ్యూచువల్ ఫండ్లలో నెలవారీ పొదుపు) వేసేవారు. పోగైంది మేడ మీద అల్మారాలకు, బోరుకు పోయింది. సిప్ 2024 జులైలో ఆగింది.

క్యాలెండర్

ఇంత జరిగినా షీటు ఇంకా 1,776 మిగులే చూపిస్తోంది. బగ్ దొరకలేదు.

రెండో సిట్టింగ్‌కు నేనే వాళ్లింటికి వెళ్లాను. కుందలహళ్లి గేటుకు లోపలగా రెండు పడగ్గదుల ఫ్లాట్. వంటగది తలుపు వెనక మేకుకు తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. నీళ్లు తాగుతూ యథాలాపంగా దాన్ని చూశాను. పాలు రాని రోజుల మీద చిన్న సున్నాలు. గ్యాస్ మార్చిన తేదీ. వాటి మధ్య నీలం ఇంకుతో: "స్కూలు 2వ టర్మ్", "మామ హెల్త్", "చిన్నత్త కూతురు పెళ్లి, ధర్మవరం", "పాలసీ లాస్ట్ డేట్", "యూనిఫాం". పక్కనే కొన్నిటికి అంకెలు కూడా వేసి ఉన్నాయి.

క్యాలెండర్‌ను మేకు మీద నుంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. నెల నెలా తిప్పుతూ ఆమె చదివారు, ఆయన టైప్ చేశారు. స్కూల్ ఫీజు 1,35,000. పుస్తకాలు, యూనిఫాం 14,000. టర్మ్ పాలసీ, ఒక పాత ఎండోమెంట్ (పొదుపు కలిసిన బీమా) కలిపి 52,000. అత్తమామల హెల్త్ పాలసీ 38,000. బండి ఇన్సూరెన్స్ 4,000. సంక్రాంతి, ఉగాది, దసరా బట్టలు, రాకపోకలు 40,000. పెళ్లిళ్లలో చదివింపులు 25,000. మొత్తం 3,08,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 25,667.

"ఇవి నీ షీటులో ఎందుకు లేవు?" అని ఆమె అడిగారు. "అవి వేరియబుల్‌లో పోతాయి కదా" అన్నారు ఆయన.

బగ్ అదే. వేరియబుల్ 3 లక్షలు, ఏడాది ఖర్చులు 3 లక్షల 8 వేలు, సరికి సరి అని ఆయన మనసులో ఎప్పుడో ముడి వేసుకున్నారు. ఆ ఏడాది వేరియబుల్ 60 శాతమే ఇచ్చారు. 1,80,000. దాని మీద పన్ను దాదాపు 40,000. చేతికి వచ్చింది 1,40,000. లోటు 1,68,000. నెలనెలా మిగిలే 1,776 ఏడాదికి 21,000, అది తీసేసినా 1,47,000. ఆ డబ్బు ఫీజు రోజున, పాలసీ రోజున కార్డు మీద పడింది. మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతూ వచ్చారు. నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మిగతా 39,000 అలా చేరింది. ఆయన షీటు నెలను కొలుస్తోంది, ఆమె క్యాలెండర్ ఏడాదిని కొలుస్తోంది. రెండూ ఒకే ఇంట్లో ఉండీ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు.

నేను చేసిన తప్పు

కార్డులు ముందు తీర్చాలి, దాంట్లో అనుమానం లేదు. 1,86,000 మీద వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకు 7,682. డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నదే ప్రశ్న.

ఆయన పీఎఫ్ తీస్తానన్నారు. 2025 అక్టోబరులో పీఎఫ్‌ను నడిపే ఈపీఎఫ్ఓ బోర్డు పాక్షిక విత్‌డ్రా నిబంధనలు సులువు చేయాలని నిర్ణయించిన వార్త ఆయన ఫోన్లో ఉంది. పీఎఫ్ మీద వడ్డీ 8.25 శాతం, కార్డు మీద ఏడాదికి 42. లెక్క ప్రకారం తీయడమే సరి. నేను ఒప్పుకోలేదు. ఒకసారి ఆ తలుపు తెరిచినవాళ్లు రెండేళ్లలో మళ్లీ తెరవడం చాలాసార్లు చూశాను. ఇది లెక్కకు అందే మాట కాదు, నా అనుభవం.

బంగారం మీద లోన్ తీసుకోమన్నాను. ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టారు. "మా నాయన పెట్టిన గాజులు సార్ అవి. కార్డు బిల్లుకు తాకట్టు పెట్టలేను." అంతే, ఆ మాట అక్కడ ఆగిపోయింది.

అప్పుడు నేను చీటీ వైపు తిరిగాను. అనంతపురంలో తెలిసినావిడ నడిపే 3 లక్షల చీటీ, 30 నెలలు, నెలకు 10,000 లోంచి డివిడెండ్ (పాటలో ఎత్తినవాళ్లు వదులుకున్న డబ్బులో వాటా) పోగా కట్టాలి. 2024 మేలో మొదలైంది. రిజిస్టర్ కాలేదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం అలా నడపకూడదు, రేపు ఆవిడ ఊరు విడిచి వెళ్లిపోతే అడిగే దిక్కు ఉండదు. ఇది చెప్పి, "ముందు దీన్ని ఆపేయండి" అన్నాను. ఆయన వెంటనే తలూపారు.

"ఆపితే పద్దెనిమిది నెలలు కట్టిందంతా ఏం కావాల సార్?" అన్నారు ఆమె. "అది ఆపేకి పెట్టలేదు నేను. పాప ఫీజుకు పెట్టినా. ఇంగ ఎత్తలేదు. పదో తేదీ పాట ఉంది."

నేను చీటీని ఖర్చు అనుకున్నాను. ఆ ఇంట్లో ఏడాది ఖర్చు కోసం ముందుగా దాచిన డబ్బు అదొక్కటే. ఇద్దరం, నేనూ ఆయనా, దాన్ని అప్పుల పక్కన రాశాం. నేను ఆ మాట వెనక్కి తీసుకుని లెక్క వేశాను. పాటలో 36,000 దాకా వదులుకోవాల్సి రావచ్చు అన్నారామె. అదే అప్పును మిగిలిన పదకొండు నెలలూ కార్డు మీద ఉంచితే 84,000 పైగా పోతుంది. పదో తేదీ రాత్రి వాట్సాప్‌లో పాట జరిగింది, 36,000 దగ్గర ఆమెకే ఆగింది. వచ్చిన 2,64,000 లోంచి రెండు కార్డులూ తీర్చేసి, ఒకదాన్ని మూయించాం. 78,000 మిగిలింది. చీటీ కంతులు 2026 అక్టోబరు దాకా ఉన్నాయి. అది అయ్యాక ఇంకోటి వేయవద్దని చెప్పాను. ఆమె నవ్వారు, సరే అనలేదు.

మేడ మీద దీపం

నెలకు 25,700 పక్కన పెట్టాలంటే ఎక్కడి నుంచి? చిన్నవి ముందు చెప్పేస్తాను. రిజర్వ్ బ్యాంక్ 2025లో రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) జూన్ నాటికి ఒక శాతం తగ్గించింది. వీళ్ల బ్యాంకు ఈఎంఐని కదల్చకుండా కాలం తగ్గించింది. మామూలుగా నేనూ అదే మేలంటాను. ఇక్కడ మాత్రం ఈఎంఐ తగ్గించమని రాయించాను, ఎందుకంటే వీళ్లకు ఇప్పుడు కావాల్సింది 2041లో మిగిలే వడ్డీ కాదు, ఈ నెల నగదు. వడ్డీ పెరిగినప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పొడిగించాలా అని ఎంచుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులోనే బ్యాంకులకు చెప్పింది, తగ్గినప్పుడూ అడగాలంతే. నెలకు 1,500 తగ్గింది. యాప్‌ల ఏడు వేలను వాళ్లే ఐదు చేసుకున్నారు. అత్తమామల హెల్త్ పాలసీ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, ఫిబ్రవరిలో 38,000 బదులు 32,000 చిల్లరకు రెన్యూవల్ వచ్చింది.

పెద్దది మేడ. 28 లక్షలు పెట్టి కట్టిన అంతస్తు ఏడాదిన్నరగా తాళం వేసి ఉంది. అద్దెకు ఇవ్వమని నేననగానే ఆయన "నాయన ఒప్పుకోడు సార్" అన్నారు. "అడిగారా?" "అడగలేదు." అక్కడి నుంచే ఫోన్ చేయించాం, స్పీకర్ పెట్టి.

"ఇల్లు కట్టింది మనం ఉండేకి. ఊరోళ్లను పెట్టేకి ఇదేమన్నా సత్రమా?" అన్నారు పెద్దాయన. కొడుకు ఇంకేం మాట్లాడలేకపోయాడు. ఆమె ఫోన్ తీసుకున్నారు.

"మామా, మేం పండక్కి వచ్చేది ఏడాదికి పది దినాలు. ఆ పది దినాలు కింద మీ దగ్గరే పండుకుంటాం. తక్కిన దినాలు మేడ మీద ఎవరో ఒకరు దీపం పెట్టుకుంటారు గదా."

అవతల కాసేపు ఫ్యాన్ చప్పుడే వినబడింది. "చూస్తాంలే" అని పెట్టేశారు. మూడు వారాల తర్వాత ఆయనే బ్యాంకులో పనిచేసే ఒకతని కుటుంబాన్ని చూసి 9,500కు ఇచ్చారు. మూడు నెలల అడ్వాన్స్ చాలన్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ట్యాంకు పొంగనివ్వకూడదు.

జనవరి నుంచి ఆమె అపార్ట్‌మెంట్ పిల్లలకు సాయంత్రం లెక్కల ట్యూషన్ మొదలుపెట్టారు. తొమ్మిది మంది, నెలకు 12,000. ఇది నేను చెప్పింది కాదు. స్కూల్ ఉద్యోగం వెతుక్కోమన్నాను. "పాప మూడింటికి వస్తది, స్కూల్ వాళ్లు నన్ను నాలుగు దాకా ఉంచుతారు" అన్నారు. 1,776, 9,500, 12,000, 1,500, 2,000, అన్నీ కలిపితే 26,776. కావాల్సింది 25,667. ఒక్క నెల ట్యూషన్ పిల్లలు రాకపోతే ఈ లెక్క చెదిరిపోతుంది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఆ డబ్బు వేరే బ్యాంకులో ఖాతా తెరిచి అందులో వేస్తున్నారు. కార్డు తీసుకోలేదు, యూపీఐకి కలపలేదు. ఖాతా ఆమె పేరు మీదే. షీటులో ఇప్పుడు క్యాలెండర్ అని రెండో పేజీ ఉంది. వేరియబుల్ గడిలో సున్నా వేయించాను. దాని మీద ఆయన చాలా వాదించారు. "వచ్చే డబ్బును సున్నా అనడం కరెక్ట్ లెక్క కాదు" అన్నారు. కరెక్ట్ కాదు నిజమే. పోయిన ఏడాది ఆయన కరెక్ట్ లెక్క ఖరీదు 39,000.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. మొత్తం జీతంలో అలవెన్సులు సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కిస్తారు. ఈయన బేసిక్ నెల జీతంలో 43 శాతమే. పీఎఫ్‌ను కంపెనీ పూర్తి బేసిక్ మీద కోస్తోంది కాబట్టి, అదే పద్ధతిలో సగం మీద కోయడం మొదలుపెడితే ఆయన వాటా, సీటీసీలోంచే పోయే కంపెనీ వాటా కలిపి చేతికి వచ్చేది నెలకు రెండున్నర వేలు తగ్గొచ్చు. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద కోసే కంపెనీల్లో ఈ టెన్షన్ లేదు. చిల్లరమల్లర ఆరు వేలను మూడున్నరగా రాసి ఒక నకలు షీటు చేసి పెట్టాం. అలాంటి పే స్లిప్ వస్తే ఆ రోజు ఆ షీటు తెరుస్తారు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆ ఖాతాలో 1,40,000 చిల్లర ఉంది. అందులోంచే స్కూల్ మొదటి టర్మ్ ఫీజు 60,000, పుస్తకాలకు 14,000 కట్టారు. వేరియబుల్ లెటర్ ఆ తర్వాత పది రోజులకు వచ్చింది. ఈసారి 55 శాతం. చేతికి 1,29,000. ఆ సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేసి, దాంతో సెకండ్ హ్యాండ్ కారు డౌన్ పేమెంట్ కట్టొచ్చా అని అడిగారు. ఆఫీసు షటిల్ తీసేశారట, ఔటర్ రింగ్ రోడ్డు మీద వానలో బండి మీద వెళ్లడం కష్టంగా ఉందట. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది: "సార్‌ను కాదు, నన్ను అడగమనండి."

కారు ఆగింది. ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలరన్న వరుసలో నవంబరులో సున్నా ఉండేది. వేరియబుల్ మొత్తం అక్కడే వేశారు, ఇప్పుడు నెలకు కొంచెం తక్కువ. ఆయన నోటీసు పీరియడ్ రెండు నెలలు. పర్సనల్ లోన్ 2027 జూన్‌లో తీరుతుంది, ఎండోమెంట్ పాలసీ మీద ఇంకా ఏమీ తేల్చలేదు. తర్వాతి సిట్టింగ్ చీటీ ఆఖరి కంతు కట్టిన వారం. ఆ తేదీని కూడా ఆమె క్యాలెండర్ మీదే రాసుకున్నారు.